దుఃఖానికి ఒక కారణం ఉంది



బుద్ధుడి బొమ్మను మీరు చూసే ఉంటారు. కాళ్ళు మడిచి కూర్చొని ఉంటాడు. కళ్ళు సగం మూసి ఉంటాయి. చెవులు పొడుగ్గా ఉంటాయి. ముఖంలో కోపం ఉండదు. చేతిలో కత్తి ఉండదు, గద ఉండదు. మన ఊళ్ళల్లో అంబేద్కర్ పటం ఉన్న చోట పక్కనే ఈ పటం కూడా కనిపిస్తుంది.

తిరుపతి అంగళ్ళలో పెద్ద పొట్టతో నవ్వుతూ ఉండే బొమ్మ ఒకటి అమ్ముతారు. దాన్ని కూడా బుద్ధుడనే అంటారు. ఆయన వేరే ఆయన. చైనా దేశపు సన్న్యాసి. మనం చెప్పుకోబోయేది ఆ పొట్టాయన సంగతి కాదు.

ఈ బుద్ధుడు ఎవరు? ఏం చెప్పాడు? సుమారు 2500 ఏండ్ల కిందటి మాటలు ఈ రోజు మనకెందుకు? చదవండి. చదివినాక పక్కనున్న అక్కతో మాట్లాడండి.

ఇల్లు విడిచిన మనిషి

బుద్ధుడు తాను దేవుణ్ణని చెప్పుకోలేదు. దేవుడు పంపితే వచ్చానని కూడా చెప్పలేదు. మన మాదిరే తల్లి కడుపున పుట్టాడు. 80 ఏండ్లు బతికి, జబ్బు చేసి చనిపోయాడు.

పుట్టింది లుంబినిలో. ఆ ఊరు ఇప్పుడు నేపాల్ దేశంలో ఉంది. తండ్రి శుద్ధోదనుడు. శాక్యులనే జనానికి పెద్ద. తల్లి మాయాదేవి. బిడ్డ పుట్టిన ఏడు రోజులకే ఆమె చనిపోయింది. పిన్నమ్మ మహాప్రజాపతి గౌతమి ఆ బిడ్డను పెంచింది. ఈమె పేరు గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

బిడ్డకు సిద్ధార్థుడు అని పేరు పెట్టారు. ఏ కష్టమూ తెలియకుండా పెంచారు. పెండ్లి చేశారు. భార్య పేరు యశోధర. ఒకనాడు సిద్ధార్థుడు బండిలో పోతూ ఒక ముసలివాణ్ణి చూశాడంట. ఇంకోనాడు ఒక రోగిని చూశాడు. మరోనాడు పాడె మీద శవాన్ని చూశాడు. నాకు, నా వాళ్ళకు కూడా ఇదే గతి కదా అని దిగులు పడ్డాడు. చివరకు ఒక సన్న్యాసిని చూశాడు. ఆయన ముఖం నిమ్మళంగా ఉంది.

29 ఏండ్ల వయసులో ఒక రాత్రి సిద్ధార్థుడు ఇల్లు విడిచి పోయాడు. అప్పటికి కొడుకు పుట్టి ఎన్నో రోజులు కాలేదు. బిడ్డ పేరు రాహులుడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మా కేంద్రంలో గొడవే. "పురిటి మంచం మీద పెండ్లాన్ని ఇడిసిపెట్టి పోతాడా? ఈయన మనకు బుద్ధి చెప్పేదేంది టీచరమ్మా?" అని ఒక అక్క గట్టిగా అడిగింది. అందరూ ఆమె పక్కే మాట్లాడారు. ఆ కోపం న్యాయమైనదే. పుస్తకాలు దీన్ని గొప్ప త్యాగం అని రాస్తాయి. ఆ తెల్లవారి యశోధర ఎట్లా నిద్ర లేచిందో ఆడవాళ్ళకు చెప్పనక్కర లేదు. కొన్నేండ్లకు బుద్ధుడు ఆ ఊరికి తిరిగి వచ్చాడు. రాహులుడు ఆయన వెంట పోయాడు. తర్వాత యశోధర కూడా సన్న్యాసిని అయిందని బౌద్ధులు చెప్పుకుంటారు. కథ అంతవరకే తెలుసు. ఆయన చెప్పిన మాటల్లో మంచిచెడ్డలు మాత్రం విడిగా చూడాల్సిందే.

సిద్ధార్థుడు ఆరేండ్లు అడవుల్లో తిరిగాడు. తిండి మానేశాడు. ఒళ్ళు ఎండి కట్టె అయింది. పొట్ట ముట్టుకుంటే వెన్నెముక తగిలేదంట. అయినా దుఃఖం పోయే దారి తెలియలేదు. అప్పుడు సుజాత అనే ఆమె పాయసం తెచ్చి ఇచ్చింది. ఆయన తిన్నాడు. ఒంట్లో సత్తువ వచ్చింది. ఒంటిని మాడ్చినంత మాత్రాన మనసు బాగుపడదని ఆయనకు తెలిసింది. విపరీతంగా తిని తిరగడమూ వద్దు, ఒంటిని కాల్చుకోవడమూ వద్దు. ఈ రెండింటికీ నడుమ నడవాలి అన్నాడు. దీన్ని మధ్యమ మార్గం అంటారు. వారానికి మూడు ఒక్కపొద్దులు ఉంటూ, పచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా కూలికి పోయే అక్కలు ఈ మాట రెండోసారి చదవండి.

తర్వాత గయ దగ్గర ఒక రావిచెట్టు కింద కూర్చొని ఆలోచించాడు. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు. అక్కడ ఆయనకు సంగతి బోధపడింది. అప్పటి నుంచి ఆయన్ను బుద్ధుడు అన్నారు. బుద్ధుడు అంటే మేలుకున్నవాడు అని అర్థం. అది జరిగింది వైశాఖ పున్నమి రోజున అంటారు. అందుకే ఆ రోజు బుద్ధ పూర్ణిమ. కాశీ దగ్గర సారనాథ్‌లో మొదటి బోధ చేశాడు. ఆ తర్వాత 45 ఏండ్లు ఊరూరా నడిచి చెప్పాడు. పండితుల భాషలో చెప్పలేదు. జనం ఇండ్లలో మాట్లాడుకునే భాషలో చెప్పాడు.

వైద్యుడి మాదిరి

మనకు జ్వరం వస్తే ఆస్పత్రికి పోతాం. డాక్టరు ఏం చేస్తాడు? మొదట జబ్బు ఏందో చూస్తాడు. అది ఎందుకు వచ్చిందో చూస్తాడు. నయమవుతుందా లేదా చెబుతాడు. తర్వాత మందు రాస్తాడు. బుద్ధుడు కూడా ఇట్లే నాలుగు మాటలు చెప్పాడు. లోకంలో దుఃఖం ఉంది. దానికి కారణం ఉంది. ఆ కారణాన్ని తీసేస్తే దుఃఖం పోతుంది. తీసేయడానికి దారి ఉంది. వీటిని నాలుగు ఆర్యసత్యాలు అంటారు.

మొదటి మాట మనకు ఎవరూ నేర్పించాల్సిన పని లేదు. పుట్టడం కష్టం, ముసలితనం కష్టం, జబ్బు కష్టం, చావు కష్టం. ఇష్టమైన వాళ్ళు దూరం కావడం కష్టం. ఇష్టం లేని వాళ్ళతో కలిసి బతకడమూ కష్టమే. అడిగింది దొరకకపోవడం కష్టం. ఇదంతా బుద్ధుడు చెప్పిన పట్టికే.

కిసాగోతమి అనే ఒక పేద ఇంటి ఆమె ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు. నడక నేర్చిన బిడ్డ. ఆ బిడ్డ చనిపోయాడు. ఆమె నమ్మలేదు. శవాన్ని చంకన వేసుకొని, మందు ఇవ్వండి అని ఇల్లిల్లూ తిరిగింది. జనం పిచ్చిది అన్నారు. ఎవరో బుద్ధుడి దగ్గరికి పొమ్మన్నారు. మందు ఇస్తాను, గుప్పెడు ఆవాలు తీసుకొని రా అన్నాడు బుద్ధుడు. ఆవాలు ఏ ఇంట్లో ఉండవు? ఆమె సంతోషంగా లేచింది. ఒక్క మాట, ఎవరూ చనిపోని ఇంటి నుంచి తేవాలి అన్నాడు.

మొదటి ఇంట్లో ఆవాలు ఇచ్చారు. మీ ఇంట్లో ఎవరైనా చనిపోయారా అని అడిగింది. పోయిన ఏడు మా నాయన పోయినాడు అన్నారు. ఆవాలు తిరిగి ఇచ్చేసింది. రెండో ఇంట్లో కోడలు పోయింది. మూడో ఇంట్లో పసిబిడ్డ. పొద్దు గూకే దాకా తిరిగింది. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఆమెకు తమ కథ చెప్పారు. పొద్దు గూకినాక ఆమె బిడ్డను మట్టి చేసి వచ్చింది.

చూడండి. బుద్ధుడు ఆమెను ఏడవద్దు అనలేదు. నీ కర్మ అనలేదు. బిడ్డను బతికిస్తానని మాయ మాట కూడా చెప్పలేదు. ఆమెను పదిమంది దగ్గరికి పంపించాడు. వాళ్ళ బాధ విన్నాక ఆమె తన బాధను మోయగలిగింది.

ఏది ఆశ?

రెండో మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. దుఃఖానికి కారణం తృష్ణ అన్నాడు బుద్ధుడు. తృష్ణ అంటే దప్పిక. ఎంత తాగినా తీరని దప్పిక. ఇది నాదే, ఇది ఎప్పుడూ నా దగ్గరే ఉండాలి అని పట్టుకోవడం. కానీ లోకంలో ఏదీ ఒకే రీతిగా ఉండదు. మన స్వర్ణముఖి నదినే చూడండి. పేరు మారలేదు. నిరుడు పారిన నీళ్ళు ఈ ఏడు లేవు. ఏడాదిలో ఎన్నో నెలలు ఇసకే. మన ఒళ్ళూ అంతే, మనసూ అంతే. నిన్న మీద పడి కొట్లాడిన ఇద్దరు తోటికోడళ్ళు ఈ రోజు ఒకే రోట్లో పిండి రుబ్బుతారు. అన్నీ మారుతాయి. దీన్ని అనిత్యం అన్నాడు. మారేదాన్ని మారకూడదని పట్టుకుంటే చెయ్యి కోసుకుంటుంది.

అయితే ఈ మాటను కొందరు తమకు వీలుగా తిప్పుతారు. "ఆశ పడకూడదని బుద్ధుడే చెప్పినాడు కదా, కూలి పెంచమని ఎందుకు అడుగుతారు?" అంటారు. ఇది తప్పు. బిడ్డకు పాలు కావాలనుకోవడం తృష్ణ కాదు. చేసిన పనికి కూలి అడగడం తృష్ణ కాదు.

బుద్ధుడు చెప్పిన ఒక కథలో ఒక రాజు ఉంటాడు. ఆయన పేదలకు ఇవ్వాల్సింది ఇవ్వలేదు. దాంతో పేదరికం పెరిగింది. పేదరికం వల్ల దొంగతనం పెరిగింది. దొంగలను అణచడానికి కత్తులు వచ్చాయి. కత్తుల వల్ల హత్యలు పెరిగాయి. చూశారా, మొదటి తప్పు ఎవరిది? ఇంకో కథలో రాజుకు ఇట్లా సలహా ఇస్తారు. రైతుకు విత్తనం ఇవ్వు, వ్యాపారికి పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వు, అప్పుడు రాజ్యంలో గొడవలు తగ్గుతాయి అని.

ఒకసారి ఒక పేద రైతు బుద్ధుడి మాటలు వినాలని బయలుదేరాడు. ఎద్దు తప్పిపోయింది. దాన్ని వెతికి పట్టుకొని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అందరూ కూర్చొని ఉన్నారు. బుద్ధుడు బోధ మొదలు పెట్టలేదు. ముందు ఆ రైతుకు అన్నం పెట్టించాడు. ఆయన తిన్నాక చెప్పడం మొదలు పెట్టాడు. ఆకలితో ఉన్నవాడికి మాట ఎక్కదని ఆయనకు తెలుసు.

ఎనిమిది అడుగుల దారి

మూడో మాట ధైర్యం చెప్పే మాట. దుఃఖం పోతుంది అన్నాడు. ఆ స్థితిని నిర్వాణం అంటారు. నూనె అయిపోతే దీపం ఆరినట్లు, ఆశ, కోపం, తెలివితక్కువతనం అనే మంటలు ఆరిపోవడం. దాని గురించి పెద్ద పెద్ద పుస్తకాలు ఉన్నాయి. మనం దారి గురించి చూద్దాం.

దారిలో ఎనిమిది భాగాలు. సరిగా చూడటం, సరిగా తలచడం, సరిగా మాట్లాడటం, సరిగా నడుచుకోవడం, సరైన పనితో బతకడం, సరైన ప్రయత్నం, సరైన ఎరుక, సరైన ధ్యానం. ఒక మెట్టు ఎక్కినాక ఇంకో మెట్టు అని కాదు. జడలో పాయల మాదిరి అన్నీ కలిసే నడుస్తాయి.

మాట సంగతి చూడండి. అబద్ధం చెప్పకూడదు. ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పకూడదు. తిట్టకూడదు. పనికిరాని మాటలతో పొద్దు పుచ్చకూడదు. కొళాయి దగ్గర బిందె పెట్టి ఈ నాలుగూ పాటించడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఒకాయన బుద్ధుణ్ణి నోటికి వచ్చినట్లు తిట్టాడంట. బుద్ధుడు అడిగాడు. మీ ఇంటికి చుట్టాలు వస్తే అన్నం పెడతావా? పెడతాను. వాళ్ళు తినకపోతే ఆ అన్నం ఎవరిది? నాదే. నీ తిట్లు కూడా నేను తీసుకోలేదు, నీ దగ్గరే ఉంచుకో అన్నాడు.

తిట్టుకు తిట్టు వద్దని దీని అర్థం. కొట్టే మొగుడి దెబ్బలు సహించమని కాదు. అట్లా చెప్పేవాళ్ళ మాట నమ్మవద్దు.

బతుకు తెరువు గురించి చెబుతూ ఐదు వ్యాపారాలు వద్దన్నాడు. ఆయుధాలు, ప్రాణమున్న వాటిని అమ్మడం, మాంసం, మత్తు, విషం. మేకలు, కోళ్ళు పెంచుకునే అక్కలకు ఇది ఇబ్బందిగా ఉంటుంది. ఆ మాట దాచాల్సిన పని లేదు. బుద్ధుడి సన్న్యాసులు మాత్రం భిక్షలో ఏది వేస్తే అది తినేవాళ్ళు. తమ కోసమే చంపిందని తెలిస్తే మాత్రం తినకూడదు.

ఇంట్లో ఉండి సంసారం చేసుకునే వాళ్ళకు ఐదు నియమాలు చెప్పాడు. ప్రాణం తీయకూడదు. ఇవ్వనిదాన్ని తీసుకోకూడదు. కామంలో తప్పు నడవకూడదు. అబద్ధం ఆడకూడదు. మత్తు తాగకూడదు. వీటిని పంచశీల అంటారు. ఐదోది మగవాళ్ళకు చదివి వినిపించండి. తాగితే డబ్బు పోతుంది, కొట్లాటలు వస్తాయి, జబ్బులు వస్తాయి, పరువు పోతుంది, సిగ్గు పోతుంది, బుద్ధి మందగిస్తుంది. ఈ ఆరూ బుద్ధుడు లెక్కపెట్టి చెప్పినవే.

మన ఆడవాళ్ళకు ఈ లెక్క ముందే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. అక్షరాలు నేర్చుకునే పుస్తకంలో వచ్చిన పాఠం చదివి, మాట్లాడుకొని లేచారు. ఆ ఉద్యమం మన చిత్తూరు జిల్లాకూ వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995లో మద్యాన్ని మొత్తం నిషేధించారు. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ తర్వాత ఏం జరిగిందో మీ వీధి చివర అంగడి చెబుతుంది.

ఎరుక అంటే ఏమి? చేసే పని మీద మనసు ఉండటం. ఊపిరి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది అని గమనించడం. కోపం వచ్చినప్పుడు, ఇదో కోపం వచ్చింది అని చూడటం. దీనికి గుడి అక్కర లేదు, డబ్బు అక్కర లేదు. పొయ్యి ముందు కూర్చొని సంగటి కెలికేటప్పుడు కూడా చేయవచ్చు.

ఆరు దిక్కులు

నాకు అన్నిటికంటే నచ్చిన కథ ఇది. సిగాలుడు అనే పిల్లవాడు తెల్లవారుజామున తడి బట్టలతో నిలబడి ఆరు దిక్కులకు దండం పెడుతున్నాడు. ఎందుకు అని బుద్ధుడు అడిగాడు. మా నాయన చనిపోతూ చెప్పినాడు అన్నాడు ఆ పిల్లవాడు. దిక్కులకు దండం పెట్టేది అట్లా కాదు అని బుద్ధుడు విడమరచి చెప్పాడు. తూర్పు అంటే తల్లిదండ్రులు. దక్షిణం అంటే గురువులు. పడమర అంటే భార్యాబిడ్డలు. ఉత్తరం అంటే స్నేహితులు. కింది దిక్కు అంటే మన దగ్గర పని చేసేవాళ్ళు. పై దిక్కు అంటే సాధువులు. వీళ్ళకు చేయాల్సింది చేస్తే అదే దండం.

భర్త భార్యకు చేయాల్సినవి ఐదు చెప్పాడు. గౌరవంగా చూడాలి. కించపరచకూడదు. ఇంకొకరి వెంట పోకూడదు. ఇంటి పెత్తనం ఆమె చేతికి ఇవ్వాలి. నగలూ బట్టలూ ఇవ్వాలి. భార్య చేయాల్సినవీ ఐదు ఉన్నాయి. అవి మనకు అత్తగారు ఎప్పుడో చెప్పి ఉంటుంది, ఇక్కడ రాయడం లేదు.

కూలివాళ్ళకు యజమాని చేయాల్సినవి కూడా ఐదు. బలాన్ని బట్టి పని చెప్పాలి. తిండీ కూలీ ఇవ్వాలి. జబ్బు చేస్తే చూడాలి. ఇంట్లో మంచి వంట చేస్తే వాళ్ళకూ పెట్టాలి. సమయానికి సెలవు ఇవ్వాలి. 2500 ఏండ్ల కిందటి మాట ఇది. చెనిక్కాయ చేలో, మామిడి తోటలో ఈ ఐదింటిలో ఎన్ని జరుగుతున్నాయో లెక్క వేసుకోండి.

తలరాత, దేవుడు, కులం

"నా బతుకు ఇంతే, తలరాత" అని మనం అంటాం. దీని గురించి బుద్ధుడు ఏమన్నాడు? ఆయన కర్మను ఒప్పుకున్నాడు. మళ్ళీ పుట్టడం ఉందనీ చెప్పాడు. కానీ కర్మ అంటే రాసిపెట్టిన రాత కాదు, మనసులో తలచుకొని చేసే పని అన్నాడు. ఒకాయన అడిగాడు. మనిషికి వచ్చే ప్రతి బాధా పోయిన జన్మ ఫలమేనా? కాదు అన్నాడు బుద్ధుడు. పైత్యం వల్ల కొంత బాధ వస్తుంది. వాతం వల్ల కొంత. ఎండావానల మార్పు వల్ల కొంత. అజాగ్రత్త వల్ల కొంత. ఎదుటివాళ్ళు చేసిన దెబ్బ వల్ల కొంత. అన్నిటికీ పాత జన్మే కారణం అనడం తప్పు అన్నాడు. బిడ్డకు విరేచనాలు అయితే కర్మ అని కూర్చోము కదా. నీళ్ళు కాచి, ఉప్పూ చక్కెరా కలిపి పడతాం.

దేవుడు లేడన్నాడా? లోకాన్ని ఒక దేవుడు చేశాడని ఆయన ఒప్పుకోలేదు. దాని మీద వాదం పెంచడం కూడా ఆయనకు ఇష్టం లేదు. లోకం ఎప్పుడు పుట్టింది, దానికి అంతం ఉందా అని ఒక శిష్యుడు పట్టుబట్టి అడిగాడు. బుద్ధుడు ఇట్లా చెప్పాడు. ఒకడికి విషం పూసిన బాణం తగిలింది. వేసినవాడి కులం ఏంది, ఊరు ఏంది, వాడు పొట్టివాడా పొడుగువాడా, అది చెబితేనే బాణం తీయనిస్తాను అన్నాడనుకో. తెలిసే లోపల చస్తాడు. ముందు బాణం తీయాలి.

మన పురాణాల్లో బుద్ధుణ్ణి విష్ణువు అవతారమని చెబుతారు. బౌద్ధులు ఆ మాట ఒప్పుకోరు. కొండకు పోయే అక్కలు కొండకు పోతూనే ఆయన మాటలు చదవవచ్చు. ఎవరో చెప్పారని, పుస్తకంలో ఉందని, పెద్దల నుంచి వస్తోందని, నేను గురువునని కూడా ఏ మాటనూ నమ్మవద్దు అని కేసపుత్త అనే ఊరి జనానికి ఆయనే చెప్పాడు. ఆ మాట ప్రకారం నడిస్తే మీకూ పదిమందికీ మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా, మీరే చూసుకోండి అన్నాడు.

పుట్టుకతో ఎక్కువ తక్కువ లేదన్నాడు. శాక్యుల పిల్లలు కొందరు సంఘంలో చేరడానికి వచ్చారు. వాళ్ళ వెంట మంగలి పని చేసే ఉపాలి ఉన్నాడు. మా గర్వం అణగాలి, ముందు ఈయన్ను చేర్చుకోండి అని వాళ్ళే అడిగారు. ఉపాలి ముందు చేరాడు. ముందు చేరినవాడికి వెనక వచ్చినవాళ్ళు దండం పెట్టాలి. రాజుల బిడ్డలు ఆయనకు దండం పెట్టారు.

ఈ మాటే అంబేద్కర్‌ను బుద్ధుడి దగ్గరికి తెచ్చింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన బౌద్ధం తీసుకున్నాడు. లక్షల మంది ఆయన వెంట నడిచారు. ఆ డిసెంబరు 6న ఆయన చనిపోయాడు.

ఆడవాళ్ళు అడిగారు

పెంచిన తల్లి మహాప్రజాపతి గుర్తుంది కదా. భర్త చనిపోయాక ఆమె బుద్ధుడి దగ్గరికి వచ్చి, ఆడవాళ్ళనూ సంఘంలో చేర్చుకో అని అడిగింది. ఆయన వద్దన్నాడు. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వద్దన్నాడు. ఆమె ఊరుకోలేదు. తల గీయించుకొని, చాలామంది ఆడవాళ్ళను వెంట పెట్టుకొని, చెప్పులు లేకుండా వైశాలి దాకా నడిచింది. కాళ్ళు వాచిపోయాయి. వాకిట్లో నిలబడి ఏడ్చింది. ఆనందుడు అనే శిష్యుడు ఆమెను చూశాడు. పోయి బుద్ధుణ్ణి అడిగాడు. ఆడవాళ్ళు దుఃఖం నుంచి బయట పడలేరా? పడగలరు అన్నాడు బుద్ధుడు. మరి ఎందుకు వద్దు? అప్పుడు ఒప్పుకున్నాడు.

ఒప్పుకుంటూ ఎనిమిది షరతులు పెట్టాడని పుస్తకాల్లో ఉంది. సంఘంలో నూరేండ్లు ఉన్న ఆడమనిషి కూడా ఆ రోజే చేరిన మగవాడికి లేచి దండం పెట్టాలి అనేది ఒకటి. ఉపాలికి ఒక న్యాయం, తల్లికి ఒక న్యాయమా? నాకు ఇది మింగుడు పడదు. ఈ షరతులు తర్వాత వాళ్ళు కలిపారని కొందరు పండితులు అంటారు.

ఏమైనా ఆడవాళ్ళు చేరారు. కిసాగోతమి చేరింది. నీళ్ళు మోసే దాసి పుణ్ణిక చేరింది. ఈ పుణ్ణిక గడుసుది. చలికాలంలో వణుకుతూ ఏట్లో మునుగుతున్న ఒక బాపనాయన్ను ఎందుకు అని అడిగింది. పాపం పోవడానికి అన్నాడాయన. నీళ్ళల్లో మునిగితే పాపం పోతే కప్పలూ తాబేళ్ళూ చేపలూ అన్నీ స్వర్గానికి పోవాల కదా అనింది. ఇట్లాంటి ఆడవాళ్ళు చెప్పుకున్న పాటలన్నీ కలిపి ఉన్న పుస్తకం పేరు థేరీగాథ. ఆడవాళ్ళ మాటలున్న పుస్తకాల్లో అది ప్రపంచంలోనే చాలా పాతది.

మన నేల మీద

ఇదంతా గంగ ఒడ్డున జరిగిన కథ. మన దాకా ఎట్లా వచ్చింది? అశోకుడనే రాజు సుమారు 2250 ఏండ్ల కిందట రాళ్ళ మీద తన మాటలు చెక్కించాడు. గుత్తి దగ్గర ఎర్రగుడిలో ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని వాటి మీద ఉంది. జనానికి చదువు రాదని ఆయనకు తెలుసు. అందుకే దండోరా వేసి చెప్పమని కూడా రాయించాడు. ఆ రాతలో ఒక వింత ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి ఉంటాయి, కొన్ని కుడి నుంచి ఎడమకు ఉంటాయి. మడక దున్నేటప్పుడు సాలు చివర ఎద్దులను మళ్ళించినట్లు.

మనకు ఇంకా దగ్గరగా నందలూరు ఉంది. రేణిగుంట నుంచి కడపకు పోయే రైలు దారిలో వస్తుంది. సౌమ్యనాథస్వామి గుడికి మీలో కొందరు పోయి ఉంటారు. అక్కడ చెయ్యేరు పక్కన గుట్ట మీద బౌద్ధుల కట్టడాలు బయట పడ్డాయి. ఒకప్పుడు సన్న్యాసులు అక్కడ ఉండి, కిందికి దిగి భిక్ష అడుక్కొని పోయేవాళ్ళు.

కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో పెద్ద స్తూపాన్ని కట్టించింది ఒక ఆడమనిషి. చాంతిసిరి ఆమె పేరు. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు. సుమారు 1750 ఏండ్ల కిందటి మాట. ఆమె రాజుల ఇంటి బిడ్డ. అమరావతిలో మాత్రం మామూలు జనం కూడా ఇచ్చారు. విధికుడు అనే ఆయన తోలు పని చేసేవాడు. ఆయన తల్లితో, పెండ్లాంతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో కలిసి ఒక రాతి పలక ఇచ్చాడు. దాని మీద నిండు కుండ బొమ్మ ఉంది. పేర్లు చెక్కి ఉన్నాయి. సన్న్యాసినులు, ఇల్లాళ్ళు ఇచ్చిన పలకలు ఇంకా ఎన్నో ఉన్నాయి.

తర్వాత బౌద్ధం మన దగ్గర తగ్గిపోయింది. రాజులు వేరే మతాల పక్కకు తిరిగారు. వ్యాపారాలు పడిపోయాయి. స్తూపాల రాళ్ళు ఇండ్లకూ గోడలకూ పోయాయి. నాగార్జునకొండ లోయ సాగర్ డ్యామ్ నీళ్ళల్లో మునిగింది. ముందే తవ్వి తీసిన వాటిని కొండ మీద మ్యూజియంలో పెట్టారు. అమరావతి పలకలు కొన్ని లండన్‌కు పోయాయి. చాలా పలకలు చెన్నైలో ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ఆస్పత్రికో పెండ్లి బట్టలకో చెన్నైకి పోయినప్పుడు వీలుంటే ఒక పూట అక్కడికి పోయి రండి.

పలకల మీది అక్షరాలను బ్రాహ్మీ అంటారు. మన తెలుగు అక్షరాలు వాటి నుంచే మారుతూ మారుతూ వచ్చాయి. చూడగానే చదవలేరు. అయినా ఒకటి గుర్తు పట్టవచ్చు. అశోకుడి కాలంలో 'క' అంటే కూడికల లెక్కలో వేసే గుర్తు మాదిరి, నిలువు గీత ఒకటి, అడ్డగీత ఒకటి. తర్వాత కాలపు పలకల మీద నిలువు గీత కొంచెం కిందికి సాగి ఉంటుంది.